పష్తూన్ తెగల జీవితం, నమ్మకాలు, వారి మధ్య క్రైస్తవ సేవ: తరచుగా అడిగే ప్రశ్నలు

పష్తూన్లు, పఠాన్లు, అఫ్గాన్లు అంటే ముగ్గురూ ఒకరేనా?

వాళ్లు తమను పష్తూన్ అని గానీ పఖ్తూన్ అని గానీ చెప్పుకుంటారు. కాందహార్ వైపు 'ష' వినిపించే చోట పెషావర్ వైపు 'ఖ' వినిపిస్తుంది. భాష మాత్రం ఒకటే, పష్తో. పఠాన్ అన్నది మన ఉపఖండంలో స్థిరపడిన పిలుపు. కర్నూలు నవాబులు పన్నీ పఠాన్లు, కడప నవాబులు మియానా పఠాన్లు. ఆ రోజుల్లో వచ్చి రాయలసీమలో, హైదరాబాద్‌లో కలిసిపోయిన కుటుంబాలకు ఇంటిపేరు మిగిలింది గానీ పష్తో మిగల్లేదు. ఈ పేజీలో చెప్పేది వాళ్ల గురించి కాదు.

అఫ్గాన్ అనే మాట ఒకప్పుడు పష్తూన్‌కు మారుపేరు. ఇప్పుడు అఫ్గానిస్తాన్ పౌరులందరికీ, అంటే తాజిక్, హజారా, ఉజ్బెక్ వాళ్లకూ వర్తిస్తుంది. 1893లో గీసిన డ్యూరాండ్ రేఖ, అంటే నేటి అఫ్గాన్–పాక్ సరిహద్దు, సుమారు 2,600 కిలోమీటర్ల పొడవునా పష్తూన్ల నేల మధ్య నుంచే పోయింది. సంఖ్యలో ఎక్కువమంది పాకిస్తాన్ వైపే ఉన్నారు. ఆ దేశపు 2017 జనగణనలో సుమారు 18 శాతం మంది మాతృభాష పష్తో. కరాచీలోనూ లక్షల్లో ఉన్నారు.

తెగ అంటే మన కులం లాంటిదా?

కాదు. కులంలో పైమెట్టు, కిందిమెట్టు ఉంటాయి. పష్తూన్ తెగ ఒక వంశవృక్షం. అందరూ ఖైస్ అబ్దుర్ రషీద్ అనే మూలపురుషుడి సంతానమని వాళ్ల వంశగాథ. సర్బన్, బెట్టన్, ఘర్ఘష్త్ ఆయన కొడుకులు. కర్లాన్ ఆ కుటుంబం పెంచుకున్న బిడ్డ అంటారు. ఇది చరిత్ర అవునో కాదో పక్కన పెట్టండి. ఎవరు ఎవరికి ఎంత దగ్గర, ఎవరి గొడవలో ఎవరు నిలబడాలి అన్నది ఈ చెట్టును బట్టే తేలుతుంది.

పేర్లలోనే గుర్తు ఉంటుంది. చివర 'జయ్' వస్తే ఫలానావాడి సంతతి: యూసుఫ్‌జయ్, పోపల్‌జయ్, బారక్‌జయ్. 'ఖేల్' అంటే అందులో ఒక శాఖ. కాందహార్ చుట్టూ దుర్రానీలు; 1747లో అహ్మద్ షా రాజ్యం కట్టింది వాళ్ల అండతోనే. తూర్పున, దక్షిణాన ఘిల్జాయీలు. కొండల్లో అఫ్రీదీ, వజీర్, మహ్సూద్, ఒరక్‌జయ్, ఖట్టక్ తెగలు. మందలతో తిరిగే కోచీలలోనూ ఎక్కువమంది పష్తూన్లే.

సయ్యదులు, ముల్లాలు, మంగలి, కమ్మరి వంటి వృత్తులవాళ్లు ఊళ్లో ఉన్నా చాలాచోట్ల ఈ వంశవృక్షంలో లెక్కలోకి రారు, భూమిలో వాటా ఉండదు. బయటివాళ్లు ఈ సంగతి తరచుగా గమనించరు. ఒక ముల్లాతో స్నేహం కుదిరితే ఊరంతా తమకు తెలిసినట్టే అనుకుంటారు.

పష్తూన్‌వలీ అంటే రాతపూర్వక చట్టమా?

రాతలో లేదు. పసితనం నుంచి చూసి నేర్చుకునే నడవడి అది. దానికి ఎదురుగా పోయినవాణ్ణి "వాడు పష్తూన్ కాడు" అంటారు. అంతకు మించిన తిట్టు లేదు. ముఖ్యమైనవి ఇవి.

మెల్మస్తియా, అంటే ఆతిథ్యం. వచ్చినవాడి మతం, ఊరు అడగకుండా తిండి, పడక, రక్షణ ఇవ్వాలి. దీనికి ప్రతి ఊళ్లో హుజ్రా ఉంటుంది. మగవాళ్లు కూర్చునే, అతిథులు పడుకునే గది లేదా ఆవరణ అది. నవారు మంచాలు, దిండ్లు, మధ్యలో పొయ్యి, ఎప్పుడూ మరిగే టీ. పచ్చటి టీ షిన్ చాయ్, నల్లటిది తోర్ చాయ్. కింద దస్తర్‌ఖాన్ పరిచి, రొట్టె తుంచి కుడిచేత్తో ఒకే పళ్లెంలో తింటారు. మాంసం ముక్కను మీ వైపు నెడుతుంటారు. అది కాదనకూడదు. తిన్నందుకు డబ్బు ఇవ్వబోతే అవమానం. ఇంట్లో పిల్లల కోసం మిఠాయి తీసుకెళ్తే ఇబ్బంది లేదు. అతిథి తెగ హద్దు దాటేదాకా తోడు వెళ్లే సాయుధ కాపలాను బద్రగ్గా అంటారు. ఆ తోడు ఉండగా అతిథి మీద దెబ్బ పడితే అది తోడు వచ్చిన తెగ మీద పడ్డట్టే.

నానవాతై, అంటే శరణు. తప్పు చేసినవాడు పెద్దల్ని వెంటబెట్టుకుని, ఖురాన్ పట్టుకుని, గొర్రెను తోలుకుని ఎదుటివాడి గడపకు వెళ్తాడు. వచ్చినవాణ్ణి తిప్పి పంపడం ఇంటివాడికి తలవంపు.

బదల్, అంటే బదులు. మేలుకు మేలు, హత్యకు హత్య. తరాలు పట్టినా ఫరవాలేదు. వీటన్నిటి వెనుకా ఉండేవి నంగ్, నామూస్: తన మాట పరువు, తన ఇంటి ఆడవాళ్ల పరువు.

పగలూ ప్రతీకారాలూ ఎక్కువగా శత్రువులతోనా?

సొంత పినతండ్రి, పెదతండ్రి కొడుకులతో. తాత భూమిని పంచుకునేది వాళ్లే కాబట్టి పోటీ అక్కడే పుడుతుంది. అలాంటి సోదరుణ్ణి తర్బూర్ అంటారు, ఆ పోటీకి తర్బూర్‌వలీ అని పేరే ఉంది. బయటినుంచి ఎవడైనా మీదికి వస్తే మాత్రం అదే తర్బూర్ పక్కన తుపాకీతో నిలబడతాడు. ఒక ఇంట్లో మీకున్న స్నేహం పక్కింట్లో మీకు శత్రువును తెచ్చిపెట్టవచ్చు, అదీ మీరేమీ చేయకుండానే. సేవకు వెళ్లినవాళ్లకు ఇది ఆలస్యంగా అర్థమవుతుంది.

జిర్గా ఎలా నడుస్తుంది?

పెద్దలు గుండ్రంగా కూర్చుంటారు, అధ్యక్ష స్థానం ఉండదు. ముందుగా తీగా పెడతారు, అంటే తీర్పు వచ్చేదాకా కాల్పులు వద్దని ఒప్పందం. ఆ తర్వాత రెండు పక్షాలూ నిర్ణయాధికారాన్ని జిర్గాకు అప్పగిస్తాయి. దాన్ని వాక్ అంటారు. మాట తప్పకుండా తుపాకులో డబ్బో మచల్‌ఘాగా తాకట్టు పెట్టాలి. తీర్పు మీరితే అది పోతుంది, పైగా నాఘా అనే జరిమానా. కొన్ని తెగల్లో లష్కర్, అంటే తెగ సాయుధ దండు, వచ్చి ఇల్లు తగలబెట్టేది. ఓట్లు లెక్కపెట్టరు. అందరూ ఒప్పుకునేదాకా రోజుల తరబడి మాట్లాడతారు.

పాకిస్తాన్‌లో 1901 నాటి సరిహద్దు నేరాల నిబంధనలు ఒకడి తప్పుకు తెగనంతా శిక్షించడానికి వీలిచ్చాయి. 2018లో గిరిజన ఏజెన్సీలను ఖైబర్ పఖ్తూన్‌ఖ్వాలో కలిపినప్పుడు అవి పోయాయి. కోర్టులు వచ్చాయి గానీ జిర్గాలు ఆగలేదు.

ఆడవాళ్ల పరిస్థితి ఏమిటి?

పర్దా కట్టుదిట్టం. పరాయి మగవాడి ముందు భార్య, చెల్లెలు పేరు కూడా పలకరు. "మీ ఆవిడ బాగున్నారా?" అని అడగడం మనకు మర్యాద, అక్కడ కాదు. "ఇంట్లో అందరూ క్షేమమా?" అంటే చాలు. పెళ్లికి వరుడి వైపు నుంచి వల్వర్ అనే సొమ్ము ఇస్తారు. షరియా ప్రకారం కూతురికి ఆస్తిలో వాటా ఉన్నా, ఆచారంలో భూమి దక్కడం అరుదు.

అన్నిటికన్నా బాధ కలిగించేది హత్య రాజీలో ఆడపిల్లను అవతలి కుటుంబానికి ఇచ్చే పద్ధతి. పాకిస్తాన్ వైపు స్వారా అంటారు, అఫ్గాన్ వైపు బాద్. పాకిస్తాన్ 2011లో చట్టం చేసి నిషేధించింది. తాలిబాన్లు కూడా 2021 డిసెంబరులో దీన్ని తప్పుపడుతూ ఆదేశం ఇచ్చారు. అదే తాలిబాన్లు ఆడపిల్లలకు హైస్కూలు, 2022 డిసెంబరు నుంచి విశ్వవిద్యాలయం మూసేశారు.

ఈ గోడల వెనుక ఆడవాళ్లకు తమదైన గొంతు ఉంది. లండయ్ అనే రెండు పాదాల జానపద పద్యం, మొదటి పాదంలో 9, రెండో పాదంలో 13 అక్షరాలు, ఎక్కువగా వాళ్లు కట్టుకున్నదే. ప్రేమ, ఎడబాటు, చేతకాని మొగుడి మీద కోపం, అన్నీ అందులో పలుకుతాయి. ఈ స్త్రీలతో స్త్రీలే మాట్లాడగలరు. మగవాళ్ల బృందం ఎంత పెద్దదైనా సగం సమాజాన్ని చూడకుండానే తిరిగి వస్తుంది.

వాళ్ల మతవిశ్వాసం ఎలాంటిది?

అత్యధికులు సున్నీలు, హనఫీ సంప్రదాయం. కుర్రంలోని తూరీలు, ఒరక్‌జయ్, బంగష్‌లలో కొందరు షియాలు. ఉత్తరప్రదేశ్‌లోని దేవ్‌బంద్ మదరసా ప్రభావం బలంగా ఉంది. అకోరా ఖట్టక్‌లోని దారుల్ ఉలూమ్ హక్కానియా అనే మదరసా 1947లో దేవ్‌బంద్‌లో చదివివచ్చిన పండితుడు పెట్టిందే. నమాజు, ఉపవాసం విషయంలో చాలా పట్టుదల. అరబీ ఖురాన్‌ను అర్థం తెలియకపోయినా పఠిస్తారు.

దీనితో పాటే ఇంకో పొర ఉంది. పీర్ల సమాధులకు, జియారత్‌లకు వెళ్తారు, చెట్టుకు గుడ్డముక్కలు కట్టి మొక్కుకుంటారు. పిల్లల మెడలో తావీజు ఉంటుంది. దిష్టి తగలకుండా స్పంద్ గింజలు నిప్పుల మీద వేసి ఆ పొగను పిల్లల తల చుట్టూ తిప్పుతారు. జిన్నుల భయం నిజమైన భయమే. మతంలో కరడుగట్టినవాళ్లు ఈ పద్ధతులను ఒప్పుకోరు. 2009లో పెషావర్‌లో కవి రహ్మాన్ బాబా సమాధిని బాంబుతో పేల్చారు. ఆయన పద్యాలు రాని పష్తూన్ ఇల్లు ఉండదు.

ఇశ్రాయేలు తప్పిపోయిన గోత్రాలు వీళ్లేనని మా సంఘంలో చెప్పారు. నిజమేనా?

ఈ కథ పష్తూన్లలోనే ఉంది. జహంగీర్ కాలంలో రాసిన వంశావళిలో కూడా కనబడుతుంది. 19వ శతాబ్దపు మిషనరీలు దాన్ని ఆశగా పట్టుకున్నారు. కానీ పష్తో తూర్పు ఇరానీ భాష, హీబ్రూతో చుట్టరికం లేదు. జన్యు పరిశోధనల్లోనూ గట్టి ఆధారం దొరకలేదు. దీని మీద ప్రసంగాలు కట్టకండి. పష్తూన్ మిత్రుడికి అసలు చెప్పకండి. ఇప్పటి రాజకీయాల్లో "నువ్వు యూదుడివి" అంటే అతనికి అది నింద.

క్రైస్తవ సేవ అక్కడ ఎప్పుడు మొదలైంది?

1853 డిసెంబరులో, పెషావర్ కమిషనర్ హెర్బర్ట్ ఎడ్వర్డ్స్ సభ పెట్టి మిషన్‌కు నాంది పలికాడు. అంతకు కొద్ది నెలల ముందే, అతనికి మునుపు ఆ పదవిలో ఉన్న అధికారి హత్యకు గురయ్యాడు. చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ క్లార్క్, ఫాండర్ వచ్చారు. 1855లో పాఠశాల తెరిచారు. తర్వాత సరిహద్దు గాంధీ ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ చదివింది ఆ బడిలోనే. అతను ముస్లింగానే ఉన్నాడు, అక్కడి ప్రిన్సిపాల్ విగ్రమ్ సేవాభావాన్ని మాత్రం జీవితాంతం తలుచుకున్నాడు.

ఫాండర్ పద్ధతి బజారులో వాదన. వాదనలో గెలిచినా మనుషులు దగ్గర కాలేదు. తర్వాత వచ్చిన టి. పి. హ్యూస్ పష్తో నేర్చుకుని, మిషన్ ఆవరణలోనే హుజ్రా కట్టి, కొండల నుంచి వచ్చినవాళ్లకు పడక, భోజనం ఇచ్చాడు. బన్నూలో 1893 నుంచి డాక్టర్ పెన్నెల్ పఠాన్ బట్టలు కట్టి, ఆయుధం లేకుండా ఊరూరా తిరిగి వైద్యం చేశాడు. 1912లో ఆసుపత్రిలోనే సోకిన సెప్టిసీమియాతో చనిపోయాడు. ఆయన భార్య ఆలిస్ సొరాబ్జీ భారతీయురాలు, తనూ డాక్టరే.

ఆసుపత్రి పలుకుబడి ఎంతో 1923లో తెలిసింది. అజబ్ ఖాన్ అఫ్రీదీ కోహాట్‌లో ఒక ఆంగ్ల అధికారి భార్యను చంపి, కూతురు మాలీ ఎల్లిస్‌ను తిరా లోయకు ఎత్తుకుపోయాడు. సైన్యం వెళ్తే అమ్మాయి బతకదు. పెషావర్ మిషన్ ఆసుపత్రి నర్సు లిలియన్ స్టార్ పష్తూన్ల తోడుతో, మందుల పెట్టెతో లోయలోకి వెళ్లి అమ్మాయిని తీసుకొచ్చింది. ఆమె భర్త డాక్టర్ స్టార్‌ను ఐదేళ్ల కిందట, 1918లో, అదే ఆసుపత్రి ఆవరణలో పష్తూన్లే పొడిచి చంపారు. అయినా ఆమె తిరిగి వచ్చి అక్కడే నర్సుగా పనిచేస్తూ ఉండేది.

మరో వైపు కూడా చెప్పాలి. మిషన్‌ను ఆహ్వానించింది సామ్రాజ్యపు అధికారి. మిషన్ బంగళా పక్కనే కంటోన్మెంట్. వంద ఏళ్ల తర్వాత కూడా "క్రైస్తవుడు" అంటే "ఫిరంగీ", అంటే తెల్లదొర, అన్న అర్థం పోకపోవడానికి కారణం అదే.

పష్తోలో బైబిల్ ఉందా?

ఉంది. శ్రీరాంపూర్ మిషన్ 1818లో కొత్త నిబంధన అచ్చువేసింది, కానీ భాష సామాన్యులకు అందలేదు. ఐసిడోర్ లోవెంతాల్ అనువాదం 1863లో వచ్చింది. మరుసటి ఏడాదే పెషావర్‌లో రాత్రిపూట తన కాపలావాడి తుపాకీ గుండుకు ఆయన చనిపోయాడు. దొంగ అనుకున్నానని వాడు చెప్పాడు. సంపూర్ణ బైబిల్ 1895 నాటికి సిద్ధమైంది. తర్వాత కొత్త అనువాదాలు, ఆడియో వచ్చాయి.

కొండ ప్రాంతాల్లో, ముఖ్యంగా స్త్రీలలో, చదవడం వచ్చినవాళ్లు తక్కువ. అందుకే ఆడియో ముఖ్యం. అయితే కాందహార్ యాసలో రికార్డు చేసినది బన్నూలో పెడితే పరాయి గొంతులా ఉంటుంది. యాస కుదరకపోతే రెండు నిమిషాల్లో ఆపేస్తారు.

పెషావర్‌లో చర్చిలున్నాయి కదా. వాళ్లు పష్తూన్ క్రైస్తవులేనా?

చాలావరకు కాదు. పంజాబ్ నుంచి వచ్చిన కుటుంబాల సంతతి. వారిలో ఎందరో పారిశుధ్య పనుల్లోకే నెట్టబడ్డారు, వివక్ష రోజూ ఎదురవుతుంది. 1883లో కట్టిన ఆల్ సెయింట్స్ చర్చి గుమ్మటం, మీనార్లతో మసీదులా కనిపిస్తుంది. పరాయి కట్టడంలా ఉండకూడదని అలా కట్టారు. 2013 సెప్టెంబరు 22న, ఆదివారం ఆరాధన ముగిసి జనం బయటికి వస్తున్నప్పుడు ఇద్దరు ఆత్మాహుతి దళ సభ్యులు పేల్చుకున్నారు. 80 మందికి పైగా చనిపోయారు. ఎక్కడో బయటివాళ్లు చేసిన పనికి, పెట్టిన వీడియోకు ముందుగా దెబ్బ తగిలేది ఈ పేద సంఘాలకే.

అఫ్గానిస్తాన్‌లో చర్చి ఉందా?

బహిరంగంగా లేదు. కాబూల్‌లో విదేశీయుల కోసం 1970లో కట్టిన చర్చిని 1973లో ప్రభుత్వమే కూల్చేసింది. సేవాసంస్థలు కంటి ఆసుపత్రులు, వైద్యం నడిపాయి. 2010 ఆగస్టులో నూరిస్తాన్‌లో కంటి శిబిరం ముగించుకుని వస్తున్న పదిమంది బృందాన్ని బదఖ్షాన్‌లో కాల్చి చంపారు. ఇప్పుడు తాలిబాన్ పాలనలో ఇస్లాం వదిలినవారికి మరణశిక్షే చట్టం.

ఒక పష్తూన్ క్రీస్తును నమ్మితే ఏమవుతుంది?

పాకిస్తాన్‌లో మతం మారడాన్ని నేరంగా చెప్పే చట్టం లేదు. దైవదూషణ చట్టం ఉంది, 295-సి కింద మరణశిక్ష. కానీ చాలామందికి మొదటి ప్రమాదం పోలీసు కాదు, ఇల్లు. 2006లో కాబూల్‌లో అబ్దుల్ రహ్మాన్ కేసు బయటపడింది పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న కుటుంబ తగాదాలోనే. ప్రపంచమంతా గగ్గోలు పెడితే ఇటలీ ఆశ్రయమిచ్చింది.

పష్తూన్‌కు విశ్వాసం ఒక్కడి సొంత విషయం కాదు. ఒకడు మారితే అతని అన్న పరువు పోతుంది, చెల్లెలి పెళ్లి ఆగుతుంది, భూమి మీద హక్కును తర్బూర్ లాక్కుంటాడు, భార్యను పుట్టింటివాళ్లు తీసుకుపోతారు. పాత మిషన్ల కాలంలో మారినవారిని ఆవరణలో ఉంచి జీతం ఇచ్చారు. వాళ్లు బతికారు, కానీ తెగ నుంచి తెగిపోయారు, వాళ్ల మాట ఇంట్లో మళ్లీ ఎవరూ వినలేదు. ఇంటిపెద్దతో, భార్యతో, అన్నదమ్ములతో నెమ్మదిగా నమ్మకం పెరిగిన చోటే విశ్వాసం నిలిచింది. బాప్తిస్మం ఎప్పుడన్నది ఆ మనిషే, అక్కడి నమ్మకస్థులైన పెద్దలతో మాట్లాడి తేల్చుకోవాలి. బయటి సంఘానికి నివేదికలో అంకె కావాలని తొందరపెట్టడం పాపమే.

ఈ సేవ ఎక్కువగా ఎక్కడ దెబ్బతింటుంది?

గుంపుగా వచ్చి వారంలో వెళ్లిపోయే బృందాలతో. 2007 జూలైలో కాబూల్–కాందహార్ రోడ్డు మీద 23 మంది దక్షిణ కొరియా చర్చి సభ్యుల బస్సును తాలిబాన్లు ఆపారు. ఇద్దరిని చంపారు, మిగతావారిని ఆగస్టు చివరికి వదిలారు. కొరియా ప్రభుత్వం మిషన్ పనిని ఆపిస్తామని ఒప్పుకోవాల్సి వచ్చింది.

వైద్యాన్ని ముసుగుగా వాడటంతోనూ. 2011లో అబ్బోటాబాద్‌లో అమెరికా గూఢచారి సంస్థ నకిలీ టీకాల కార్యక్రమం నడిపింది. ఆ తర్వాత పోలియో చుక్కలు వేసే స్థానిక స్త్రీలను ఎందరినో చంపారు. వైద్యం చేస్తామంటే వైద్యమే చేయాలి. రోగి ప్రార్థన అడిగితే చేయండి, మందు చీటీతో కరపత్రం కలపకండి.

ఇక డబ్బు. ఒకరికి నెలనెలా జీతం ఇస్తే ఆ ఊళ్లో అతను మీ ఏజెంటు. ప్రవక్తను తక్కువ చేసే మాటైతే ఒక్కటి చాలు, తలుపులన్నీ మూసుకుంటాయి.

గల్ఫ్‌లో మా క్యాంపులో పఠాన్ సోదరులున్నారు. ఎలా మెలగాలి?

దుబాయ్, షార్జా, సౌదీల్లో తెలుగువాళ్లకు ఇదే నిజమైన పరిచయం: డ్రైవర్లు, మేస్త్రీలు, క్రేన్ ఆపరేటర్లు. ఉర్దూ చాలామందికి వస్తుంది. పని నుంచి వచ్చినవాణ్ణి "స్తడయ్ మా షే" (అలసిపోకు) అని పలకరిస్తే, "ఖ్వార్ మా షే" (నీకు దీనస్థితి రాకూడదు) అని బదులు వస్తుంది, ముఖం విప్పారుతుంది. టీ ఇస్తే తాగండి, మీరూ పిలవండి. రంజాన్ పగటిపూట ఎదురుగా తినకండి. వంటపాత్రల్లో పంది మాంసం వండకండి. కాళ్లు అతని వైపు, ఖురాన్ ఉన్న అర వైపు చాపకండి. నస్వార్ అనే పొగాకు పొడి పెదవి కింద పెట్టుకుంటే ముఖం చిట్లించకండి. అప్పు మాట ఇస్తే చెప్పిన రోజుకే తీర్చండి. అక్కడ మాటే హామీ పత్రం.

యుఏఈ, సౌదీల్లో ముస్లింలకు ఇతర మత ప్రచారం చేయడం నేరం. పట్టుబడితే మీరు దేశం విడవాలి, అతని గతి ఇంకా ఘోరం. అతను అడిగితే మీ విశ్వాసం గురించి నిజం చెప్పండి, క్లుప్తంగా, ఇద్దరే ఉన్నప్పుడు. ఈసా, మరియం ఖురాన్‌లో ఉన్నారు, అక్కడి నుంచి మాట సహజంగా సాగుతుంది. సిలువ మరణాన్ని ఖురాన్ ఒప్పుకోదు. "దేవుని కుమారుడు" అంటే అతనికి శరీర సంబంధమే స్ఫురిస్తుంది. వాదించకండి, విడమరచి చెప్పండి.

అతనే ఇంజీల్ (సువార్త గ్రంథం) కావాలంటే?

ముందు, చదవడం వచ్చో రాదో అతని పరువు పోకుండా తెలుసుకోండి. అచ్చు పుస్తకం కన్నా ఫోన్‌లో వినడం మేలు. పుస్తకం గది తనిఖీలో దొరుకుతుంది. మెమరీ కార్డు ఇచ్చేముందు అందులో మీ ఫొటోలు, నంబర్లు లేకుండా చూడండి. పుస్తకమే ఇస్తే శుభ్రమైన గుడ్డలో చుట్టి రెండు చేతులతో ఇవ్వండి. నేల మీద పెట్టకండి. గీతలు గీసిన మీ పాత ప్రతి ఇవ్వకండి, పవిత్ర గ్రంథంలో గీతలు అతనికి అగౌరవంగా కనిపిస్తాయి.

మా సంఘం ఆ ప్రజల కోసం ప్రార్థిస్తుంది. ఏమి పంచుకోవచ్చు?

తెగ పేరు, ప్రాంతం, కరువు, వరద, మూసిన బడులు: వీటి గురించి ఎంతైనా ప్రార్థించండి. ఒక విశ్వాసి పేరు, ఊరు, తెగ శాఖ, వృత్తి ఈ నాలుగిట్లో రెండు కలిస్తే చాలు, ఆ మనిషెవరో ఊళ్లో పోల్చుకుంటారు. తెలుగులో రాసినా రక్షణ లేదు, ఫోన్‌లో అనువాదం ఒక్క నొక్కుతో అవుతుంది. ముఖం మసక చేసినా గొంతు, గోడ, కిటికీలోంచి కనబడే కొండ పట్టిస్తాయి.

ఇప్పటికే పెట్టిన ఫొటోలు, సాక్ష్యం వీడియోలు ఉంటే?

ఈ రోజే తీసేయండి. యూట్యూబ్‌లో ప్రైవేటుగా మార్చడం చాలదు, తొలగించండి. వీడియో శీర్షిక, కింది వివరణ, చిన్న బొమ్మ కూడా వెతుకులాటలో కొన్నాళ్లు మిగులుతాయి కాబట్టి తొలగించే ముందు వాటిని మార్చండి. వాట్సాప్‌లో ఎవరెవరికి పంపారో వాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి తీసేయమని అడగండి, గుంపులో మెసేజ్ పెడితే అది మళ్లీ అందరి దృష్టినీ లాగుతుంది. పత్రికలో అచ్చయితే మిగిలిన ప్రతులు ఆపండి. ఆ వ్యక్తితో సంబంధం ఉన్నవారి ద్వారా, వీడియో ఎన్నాళ్లు బయట ఉందో అతనికి తెలియజేయండి. ఇల్లు మారాలో వద్దో తేల్చుకోవాల్సింది అతనే.